నల్ల వైరు

ఉప్పు మీద పల్లం ఉండదు.
తోసి స్టార్ట్ చేద్దామంటే
నాలుగు దిక్కులా ఒకే ఎత్తు, ఒకే తెలుపు.
ఉయునీ ఉప్పుమైదానంలో బండి ఆగడమంటే
రాయని కాగితం మీద చుక్కలా ఆగిపోవడం.

తెల్లవారుజాము. మైనస్ పదకొండు.
వెనక సీట్లో దోన్యా ఎపిఫానియా,
ఆమె మూడు కినువా బస్తాలు, బుట్టలో కోడిపుంజు.
ముందు నేను, నికాసియో.
తాళం తిప్పితే టక్కుమని ఒక్క మాట అని
నోరు మూసుకున్న ముప్పై ఎనిమిదేళ్ల డీజిల్ జీపు.

రోగం కొత్తది కాదు.
మూడు నెలలుగా, ఎడమ ఇండికేటర్ వేస్తే
డీజిల్ ముల్లు దానికి తాళం వేస్తోంది.
బ్రేకు తొక్కితే డాష్‌బోర్డులో
హీటర్ దీపం సగం కన్ను తెరుస్తోంది.
"బ్యాటరీ" అన్నాడు తమ్ముడు ఫౌస్టీనో. కొన్నాం.
"ఆల్టర్నేటర్" అన్నాడు. ఓరూరో వెళ్లి తెచ్చాం.
పోయిన వారం స్టార్టర్ మోటారు,
రెండు లామాలు అమ్మిన డబ్బు.
ఆ రోజు ఒకరినొకరం అన్న మాటలు
ఇద్దరిలో ఎవరమూ ఇంకా వెనక్కి తీసుకోలేదు.

మామ సెనోన్ నాకు వదిలిపోయింది ఒక్కటే:
ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి
ఒక కొసకి గోనెసూది కట్టిన టెస్టు దీపం.
మీటరుని నమ్మకురా, అనేవాడు,
ఒక్క పోగు మిగిలినా పన్నెండు వోల్టులు చూపిస్తుంది.
బల్బుకి ఆకలెక్కువ. తిండి దొరికితేనే వెలుగుతుంది.

బానెట్ ఎత్తాను. గాలి చెవులు కోస్తోంది.
ఫ్యూజులు బాగున్నాయి. రిలే పలుకుతోంది.
సూది బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొస ఇంజను మీద.
"తిప్పమ్మా."
దోన్యా ఎపిఫానియా పుంజుని చంకన పెట్టుకుని
సీట్ల మధ్యనుంచి వంగి తాళం తిప్పింది.
దీపం ఆరిపోయింది.
రెండో కొస తీసి బ్యాటరీ మైనస్ మీద పెట్టాను.
"మళ్లీ."
దీపం కాస్త నీరసించింది. ఆరలేదు.

మూడు నెలలూ మేం ఎర్ర వైరునే అనుమానించాం.
బయల్దేరే కరెంటుని సాగనంపడానికి అందరూ ఉంటారు.
తిరిగొచ్చేది దేని మీద నడిచొస్తుందో
ఎవరడిగారు?

బండి కిందకి దూరాను. వీపు కింద ఉప్పు.
ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ
పచ్చగా పూసిపోయింది.
కనపడే రెండు చివర్లూ గట్టిగానే ఉన్నాయి,
బోల్టులతో సహా.
మధ్యలో వేలు పెడితే
పిండిలా రాలి నా కంట్లో పడింది.

జంపర్ కేబుల్లో నల్లది తీసి
ఒక దవడతో బ్యాటరీ మైనస్‌నీ
ఇంకో దవడతో ఇంజను కొక్కాన్నీ కరిపించాను.
గ్లో ప్లగ్గులు కాగాలి, ఇరవై లెక్కపెట్టమన్నాను.
ఆమె ఐమారాలో మొదలుపెట్టి
పదహారు దగ్గర తడబడి
మళ్లీ ఒకటి నుంచి అందుకుంది.
ఇంజను దగ్గింది. తెల్లటి పొగ వదిలింది. పట్టుకుంది.
డీజిలు కదా, ఒకసారి లేచాక
ఎవరి నిప్పూ అడగదు.

కేబుల్ జారకుండా తాడుతో కట్టాను.
ఊరెళ్లాక కొత్త పట్టీ వెయ్యాలి,
రంగు గీకి, బోల్టు బిగించి, పైన లామా కొవ్వు పుయ్యాలి.
షెడ్డులో గోనె కింద పాత స్టార్టర్ ఉంది.
దానికే రోగమూ లేదని
ఫౌస్టీనోకి చెప్పడమే,
ఏ పానాకీ లొంగని పని.

"ఏం పోయింది?" అంది దోన్యా ఎపిఫానియా.
"నల్ల వైరు."
"అంతేనా?" అని
పుంజుని బుట్టలోకి దింపింది.

కొల్చానీ దగ్గర దారికడ్డంగా లామాలు.
బ్రేకు తొక్కాను.
హీటర్ దీపం సగం కన్ను తెరిచి నన్ను చూసింది.
అది వేరే వైరు.